కొంగ గుర్తు సూది

మొసళ్ల మడుగులోంచి ప్రాణాలతో బయటపడిన వీరకేతుడూ కోనప్పా, ఒంటిమీద బట్టలు ఇంకా ఆరకముందే తాన్‌షూ పట్నం తూర్పు ద్వారం ముందు నిలబడ్డారు. ఒకడు కాంస్యగిరి యువరాజు. రెండోవాడు ఆ రాజ్యానికి ఆస్థాన దర్జీ. ఎవరు ఎవరో దారిన పోయేవాళ్లకు తెలియకూడదని యువరాజు మూటలు మోస్తున్నాడు, దర్జీ చేతులు ఊపుకుంటూ నడుస్తున్నాడు. ఈ మారువేషం కోనప్పకు బాగా నచ్చింది. మూడు రాజ్యాలు దాటినా విప్పుదామన్న మాట ఎత్తలేదు.

వాళ్లు వచ్చిన పని చిన్నదే. ఒక సూది కావాలి.

నవ్వకండి. పన్నెండు రోజుల కింద, నిండు కొలువులో, భస్మజిహ్వుడనే మాంత్రికుడు కాంస్యగిరి మహారాజు నీడను కత్తెరతో కోసి, చాపలా చుట్టి, చంకన పెట్టుకుపోయాడు. నీడ పోయిన మనిషి నిలవడు. మొదటి రోజు మహారాజుకు ఆకలి పోయింది. మూడో రోజు మాట పోయింది. ఇప్పుడాయన్ని పట్టుపంచెలతో మంచానికి కట్టి ఉంచారు, కిటికీలోంచి గాలి వస్తే లేచిపోతున్నాడని. అమావాస్యలోగా ఆ నీడను తెచ్చి మళ్లీ కాళ్లకు కుట్టకపోతే మహారాజు దక్కడు. "కోసిన నీడ ఎవరో ఒకరి కాళ్లను అంటిపెట్టుకుంటేనే బతుకుతుంది. అది ఎవరి కాళ్ల కింద ఉందో తరువాత వెతుకుదురు గాని, ముందు సూది సంపాదించండి. నీడలో దిగే సూది చేసేది తాన్‌షూ పట్నంలో ఒంటికాలి కొంగ గుర్తు కొఠీ ఒక్కటే" అని కొండగుహలో తపస్సు చేసుకునే ఒక యోగిని చెప్పి పంపింది. అమావాస్యకు ఇంకా తొమ్మిది రోజులున్నాయి. తిరుగు ప్రయాణానికే ఎనిమిది పడుతుంది.

పసుపునది ఒడ్డున వెలసిన ఆ పట్నంలో సూదుల వీధి శోభ చూసి తీరవలసిందే. నల్ల లక్క పలకల మీద బంగారు అక్షరాలు ధగధగలాడుతున్నాయి. మూడంతస్తుల మేడల నుంచి ఎర్రపట్టు పతాకాలు నేల దాకా జాలువారుతున్నాయి. ఇటుకల్లా అచ్చుపోసిన టీ ఆకుల వాసన ఒక పక్క, కస్తూరి కలిపిన సిరా ముద్దల పరిమళం ఒక పక్క, పింగాణీ గిన్నెల గలగల మరో పక్క. ప్రతి కొట్టు ముందూ ఒక కుర్చీ, కుర్చీలో ఒక పెద్దమనిషి, ఆ పెద్దమనిషి నోట మర్యాద తేనెలా కారుతూ ఉంటుంది.

తీరా చూస్తే వీధిలో అరవైమూడు కొట్లు. అరవైమూడింటికీ ఒంటికాలి కొంగ గుర్తే.

ఒక పలక మీద 'ఇదే అసలు కొంగ' అని ఉంది. పక్కదాని మీద 'అసలు కంటే పాత కొంగ' అని. దాని పక్కన 'పక్కకొట్టువాడు మా దగ్గర మానేసిన నౌకరు' అని. 'మాకు వేరే శాఖలు లేవు' అన్న ఒకే పలక, ఒకే చేతిరాతతో, పదకొండు కొట్లకు వేలాడుతోంది.

"ఎవరిదాన్ని నమ్మాలి కోనప్పా?" అన్నాడు వీరకేతుడు.

"నమ్మడమెందుకు బాబూ, గుచ్చి చూస్తే పోలా" అన్నాడు కోనప్ప.

అతను కొట్టుకొక సూది కొని, ఎండలోకి వచ్చి, నేలమీద పడ్డ తన నీడ అంచులో గుచ్చడం మొదలుపెట్టాడు. మొదటి సూది రాతికి తగిలి వంగింది. రెండోది విరిగింది. మూడో కొట్లో దారం కూడా అమ్ముతున్నారు, ఒక ఉండ కొంటే రెండు ఉండలు ఊరికే. కోనప్ప కళ్లు మెరిశాయి. సూది విషయంలో దేవేంద్రుడి మాట కూడా నమ్మని మనిషి, దారం దగ్గర మాత్రం ఊరికే అన్న మాట వింటే చాలు, మెత్తబడిపోతాడు. మూడు ఉండలూ జేబులో వేసుకుని, పెద్ద బేరం గెలిచినట్టు ఈలవేసుకుంటూ బయటికొచ్చాడు.

వీధి చివర అన్నిటికన్నా పెద్ద కొట్టు. దాని యజమానిని ఊరంతా మాంగ్ శ్రేష్ఠి అంటారు. వచ్చి ఆరు నెలలే అయినా వీధిలో సగం అతని చేతికిందికి వచ్చింది. బూడిదరంగు పట్టు అంగీ, సన్నని మీసం, నెత్తిన బండిచక్రమంత గొడుగు. మబ్బుపట్టినా, అరుగు మీద కూర్చున్నా, ఆ గొడుగు మాత్రం దించడు. ఎండ పడదని చెబుతాడు. కోనప్ప అతని వాకిట్లోనే కూర్చుని నీడలో సూది గుచ్చి, "ఇదీ చెత్తే" అన్నాడు గట్టిగా.

గొడుగు కదిలింది. "సూదిని బట్టలో గుచ్చి చూసే బేరగాళ్లను చూశాను. నీడలో గుచ్చేవాళ్లను ఇవాళే చూస్తున్నాను. ఎవరు మీరు?" అన్నాడు మాంగ్ శ్రేష్ఠి. అడిగిన గొంతు మెత్తగా ఉంది. ఆ వెంటనే వేసిన చిటికె మెత్తగా లేదు. కొట్టు లోపలి నుంచి ఇనపకడ్డీలు పట్టుకుని పన్నెండుమంది దూకారు.

యువరాజు ఒక్క ఉదుటున మూటలు విసిరాడు. ఇద్దరు పడ్డారు. మూడోవాడి కడ్డీ లాక్కుని, దాన్ని నేలకు తన్నిపెట్టి, ఎదురుగా వేలాడే పతాకాన్ని అందుకుని ఊగాడు. ఊగుతూనే కోనప్ప మెడపట్టీ పట్టుకున్నాడు. ఇద్దరూ ఎర్రపట్టు మీద గాలిలో వీధి దాటి, అవతలి మేడ కప్పు మీద పడ్డారు. పెంకులు జారాయి. వెనకనుంచి కడ్డీలు రివ్వున వస్తున్నాయి. ఒక కప్పు మీద టీ ఆకులు ఆరబెట్టిన తట్టలు తొక్కారు, ఇంకో కప్పు మీద పిట్టల పంజరాలు తన్నారు, నాలుగో కప్పు వాళ్ల బరువు భరించలేక లోపలికి కూలింది.

పడ్డది మెత్తగా పడ్డారు. సూదులు మెరుగుపెట్టే తవుడు రాశి అది. కళ్లలోంచి తవుడు తుడుచుకుని చూస్తే, ఎదురుగా డెబ్భై ఏళ్ల ముసలమ్మ రోకలి ఎత్తి నిలబడి ఉంది.

"దొంగతనానికి వచ్చారా, బేరానికి వచ్చారా? దేనికొచ్చినా లాభం లేదు. సరుకంతా సర్కారు ముద్రలో ఉంది" అంది.

ఆమె పేరు షుయిన్. ఆ ఇల్లే అసలు ఒంటికాలి కొంగ కొఠీ. వాకిట్లో పలక లేదు, నాలుగు రోజుల కిందే భటులు పీకేశారు. గోడవారగా సూదుల పెట్టెలు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. ఒక్కో పెట్టెకూ అడ్డంగా తెల్లకాగితం, దాని మీద న్యాయాధికారి ముద్ర, ఆ ముద్ర చుట్టూ నల్లని లక్క.

వీరకేతుడు వచ్చిన పని దాచకుండా చెప్పాడు. "ఒక్క సూది ఇవ్వు అవ్వా. మా నాన్న ప్రాణం."

అవ్వ వాళ్లను ఒక పెట్టె దగ్గరికి తీసుకెళ్లింది. దాని ముద్ర మూల ఎలుక కొరికింది. లోపల సూదుల్లేవు, గుప్పెడు తుప్పు ఉంది. "ఆ నల్ల లక్క మాంగ్ పూయించాడు నాయనా. న్యాయాధికారి చెయ్యి తప్ప ఏది తగిలినా లోపలి ఉక్కు ఇలా అయిపోతుంది. కొంగ గుర్తు మేమే దొంగిలించామని వాడు వేసిన దావాకు ఇవాళ మిట్టమధ్యాహ్నం తీర్పు. మేము ఓడితే ఇవన్నీ కొలిమిలోకి పోతాయి. ఓడతామనీ నాకు తెలుసు."

"అసలువాళ్లు మీరైతే ఓడడమేమిటి?" అన్నాడు కోనప్ప.

అవ్వ ఒక చెక్క అచ్చు తెచ్చి చూపింది. సూదులు పొట్లంకట్టే కాగితాల మీద కొంగ బొమ్మ అద్దే అచ్చు అది. మామగారి తాత బేరిచెట్టు చెక్కలో చెక్కాడు. అరవై ఏళ్ల కింద రాజుగారు ఆ కొంగనే న్యాయస్థానం ముందు శిల మీద చెక్కించి, దీన్ని కాపీకొట్టినవాడికి నలభై బెత్తం దెబ్బలని శాసనం వేయించారు. మరుసటి ఏడు చలికి అచ్చు బీటవేసింది. కొంగ పాదం దగ్గర వెంట్రుకవాసి పగులు. ఏడాదికి బియ్యపుగింజ మందాన అది పైకి పాకుతూ, ఇప్పటికి కొంగ కంటి దాకా వచ్చింది.

"శిల మీది కొంగకు పగులు లేదు. మాంగ్ కొంగకూ లేదు. మా కొంగకే ఉంది. కాబట్టి మేమే దొంగలం" అంది అవ్వ.

"పగిలినప్పుడే కొత్త అచ్చు చెక్కించుకోవచ్చుగా?"

"చెక్కిస్తే అది కొంగ బొమ్మ అవుతుంది. మా కొంగ కాదు" అంది అవ్వ. మొండితనానికి మందు లేదంటారు గాని, ఆ మొండితనం లేకపోతే ఆ ఇంట్లో సూది కూడా ఉండేది కాదని వీరకేతుడికి అనిపించింది. ముసలామె మీద జాలి కంటే ముందు గౌరవం కలిగింది.

ఈలోగా కోనప్ప, ఎవరింటికి వెళ్లినా కుట్టుబుట్ట వెతికే అలవాటు కొద్దీ, అవ్వ కోడలి బుట్టలోంచి ఒక పుస్తకం తీశాడు. ఆ ఊరి ఆడవాళ్లందరికీ అలాంటిదొకటి ఉంటుంది. దాని మడతల్లో రంగుదారాలు, చెప్పుల మీద కుట్టే పువ్వుల నమూనాలు దాచుకుంటారు. నమూనాలు కత్తిరించడానికి సూదుల పొట్లం కాగితమే వాడతారు, గట్టిగా ఉంటుందని.

"అవ్వా, ఈ కాగితంలో కొంగకు పగులు మోకాలి దగ్గరే ఆగిందే" అన్నాడు కోనప్ప.

"అది మా కోడలు కాపురానికొచ్చిన ఏటిది. అప్పటికి అక్కడి దాకానే ఉంది."

వీరకేతుడు ఒక్కసారి లేచి నిలబడ్డాడు. "ఈ ఊళ్లో ఇలాంటి పుస్తకాలు ఎన్ని ఉంటాయి?"

తరువాతి గంటలో తాన్‌షూ పట్నం సందుల్లో ఒక కొత్త గాజులవాడు తిరిగాడు. గాజులు అమ్మలేదు. డప్పు కొట్టి, "అమ్మల్లారా, మీ అమ్మమ్మల నాటి కొంగ పొట్లం కాగితాలు పట్టుకుని న్యాయస్థానానికి రండి. రాకపోతే రేపటినుంచి మాంగ్ సూదులతోనే కుట్టుకోండి" అని అరిచాడు. ఆ రెండో మాట పనిచేసింది. మాంగ్ సూదితో వేలు పొడుచుకోని ఆడది ఆ ఊళ్లో లేదు.

న్యాయస్థానం ఆరుబయట, తెల్లరాతి పలకలు పరిచిన పెద్ద ఆవరణ. న్యాయాధికారి పాంగ్ ఎదుట గొడుగు విప్పి నిలబడడం రాజద్రోహం, అందుకే మాంగ్ శ్రేష్ఠి గొడుగు గుమ్మం దగ్గర వదిలి వచ్చాడు. విచారణ సరిగ్గా మిట్టమధ్యాహ్నమే జరగాలని పట్టుబట్టి మరీ అడిగి పెట్టించుకున్నాడు. సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు. నీడలన్నీ కాళ్ల కిందికి ముడుచుకున్నాయి.

"శిల చూడండి, నా కొంగ చూడండి. ఇంక తీర్పు చెప్పండి" అన్నాడు మాంగ్, తొందరగా.

న్యాయాధికారి కలం ఎత్తాడు. అప్పుడే గుమ్మంలోంచి ఆడవాళ్లు రావడం మొదలైంది. వందమంది, రెండువందలమంది, చంకన పుస్తకాలతో, కొందరు చంకన పిల్లలతో కూడా.

"అయ్యా," అన్నాడు గాజులవాడి వేషంలో ఉన్న వీరకేతుడు ముందుకొచ్చి, "అబద్ధానికి వయసు ఉండదు. నిజానికి ఉంటుంది. ఈ కాగితాలు వరసలో పేర్చనివ్వండి."

కోనప్ప నేలమీద పొడుగాటి గుడ్డ పరిచాడు. "ఇది మా అమ్మ పెళ్లినాటిది." "ఇది పెద్ద వరదొచ్చిన ఏడు." "ఇది మా పెద్దాడు పుట్టిన ఏడు, ఆ నొప్పులు నేను మరిచిపోతానా." ఒక్కొక్కరే చెప్పి పెడుతుంటే కొంగల వరస సాగింది. మొదటి కొంగకు పాదం దగ్గర పగులు. పదోదానికి మడమ దాటింది. ముప్పయ్యోదానికి మోకాలు దాటింది. వరస పక్కనే నడుస్తూ చూస్తే, పగులు తీగలా కళ్లముందే కొంగను ఎక్కుతోంది.

మాంగ్ పెదవులు కదిలాయి. ఎక్కడినుంచో సుడిగాలి లేచింది. కాగితాలు ఎగరబోయాయి. ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకోలేదు, మాట్లాడుకోలేదు. రెండువందల చేతులు మెడపట్టీల్లోకి వెళ్లాయి, అక్కడ గుచ్చుకున్న పాత కొంగ సూదులు తీశాయి, కాగితాలను గుడ్డకు గుచ్చేశాయి. గాలి న్యాయాధికారి టోపీ ఎగరగొట్టింది గాని ఒక్క కొంగనూ కదపలేకపోయింది.

"మాంగ్ శ్రేష్ఠీ, ఈ ఊరు రాకముందు నుంచీ, నలభై ఏళ్లుగా సూదులు అమ్ముతున్నానన్నావు. నీ పాత కాగితం ఒకటి చూపించు" అన్నాడు న్యాయాధికారి.

మాంగ్ ఇచ్చిన కాగితం నలభై ఏళ్ల నాటిదట. సిరా చేతికంటింది.

న్యాయాధికారి పాంగ్ కాసేపు ఆ నల్లని వేళ్లు చూసుకున్నాడు. తరువాత తన అంగీ చేతి మడతలోంచి చిన్న సంచి తీశాడు. పరీక్ష రాయడానికి రాజధానికి బయలుదేరిన రోజున, దారిలో బట్ట చిరిగితే కుట్టుకోమని తల్లి కట్టి ఇచ్చిన పొట్లం. ఆమె పోయి ఇరవై ఏళ్లయింది. ఆయన దాన్ని మళ్లీ మళ్లీ విప్పే మనిషి కాడు. ఇవాళ విప్పాడు. తానే వెళ్లి వరసలో ఆ ఏటి కొంగ పక్కన పెట్టాడు. పగులు పగులుకు సరిపోయింది. ఆయన కళ్లు తుడుచుకుని, ఎవరివంకా చూడకుండా, "ముద్రలు తీయండి. నేనే తీస్తాను" అన్నాడు.

ఇదంతా అయ్యేసరికి సూర్యుడు రెండు చేతుల మేర వాలాడు. ముడుచుకున్న నీడలు తెల్లరాళ్ల మీద మెల్లగా సాగాయి. తీర్పు కోసం భటులు ఆవరణకు మోసుకొచ్చిన పెట్టెల్లో మొదటిదానిలోంచి అవ్వ మెరిసే సూది తీసి కోనప్ప చేతిలో పెట్టింది. కోనప్ప దాన్ని తన నీడలో గుచ్చాడు. వెన్నలో దిగినట్టు దిగింది. ఆనందంతో తలెత్తినవాడు అలాగే ఉండిపోయాడు.

"బాబూ," అన్నాడు నెమ్మదిగా, "ఆ మాంగ్ కాళ్ల దగ్గర చూడు. నీడలు రెండున్నాయి. ఆ రెండోదాని ఎడమ భుజం రెండు వేళ్లు కిందికి. ముప్పై ఏళ్లు ఆ భుజానికి అంగీలు కుట్టినవాణ్ణి, నాకు తెలియదా? అది మహారాజుగారిది."

ఆ రెండో నీడ తల మీద కిరీటం అంచు కూడా తెలుస్తోంది. తండ్రి నీడ పరాయివాడి చెప్పుల కింద నలుగుతుంటే చూసి వీరకేతుడి గుండె భగ్గుమంది. "భస్మజిహ్వా" అన్నాడు.

మీసం రాలింది. పట్టు అంగీ బూడిదై చెదిరింది. మాంత్రికుడు చేతులు చాచగానే అవి రెక్కలయ్యాయి.

"వాడు ఎగిరితే నీడ పోతుంది. కుట్టు కోనప్పా" అంటూ వీరకేతుడు దూకి, తన నడుంపట్టీ కొసను ఆ నీడ అంచు మీద పరిచాడు. కోనప్ప జన్మలో అంత వేగంగా కుట్టలేదు. జేబులోంచి దారం లాగాడు, ఒక్క గురిలో సూదికి ఎక్కించాడు. ఒక కుట్టు. రెండు. మూడు. ముడి వేసి పంటితో కొరికాడో లేదో, ఏనుగంత గద్ద నేల వదిలింది. దాని వెంట నల్లని నీడ తడిచీరలా రాళ్ల మీదినుంచి లేచింది, నీడ వెంట యువరాజు లేచాడు. ఆవరణ, గోడలు, అరవైమూడు కొట్ల కప్పులు కిందికి జారిపోయాయి. గద్ద పసుపునది వైపు తిరిగింది. వీరకేతుడు ఒక్కో గుప్పెడే పట్టుకుని, నీడ మీదుగా దాని కాళ్ల వైపు పాకుతున్నాడు.

కింద ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. కోనప్ప రొమ్ము విరుచుకున్నాడు.

"సూది మాది, విరగదు. కుట్టూ బాగా కుట్టావు" అంది షుయిన్ అవ్వ, కంటికి చెయ్యి అడ్డుపెట్టి పైకి చూస్తూ. "దారం ఎక్కడిది నాయనా?"

కోనప్ప జేబులో చెయ్యి పెట్టాడు. మిగిలిన ఉండలు తీసి చూశాడు. వాటి చీటీల మీద పగులు లేని చక్కని కొంగ ఉంది.

"మూడో కొట్లో కొన్నానమ్మా," అన్నాడు. "ఒకటి కొంటే రెండు ఊరికే ఇచ్చారు."

అవ్వ తలెత్తి చూస్తూనే ఉంది. నదికి నట్టనడుమ, అంత ఎత్తున, మొదటి కుట్టు తెగింది.